గోడ పక్కన కూర్చునే పిల్లలు

మా కరాటే క్లాసులో ఇప్పుడు ఒక బాబు ఉన్నాడు, 6 ఏళ్లు. ఐదు వారాలుగా వస్తున్నాడు కానీ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా లైనులో నిలబడలేదు. వస్తాడు, గోడకి ఆనుకుని మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంటాడు, గంటసేపు చూసి వెళ్లిపోతాడు. మొదటి వారం వాళ్ల అమ్మ చాలా ఇబ్బంది పడింది. "వెళ్లు నాన్నా, అందరూ చేస్తున్నారు చూడు" అని వీపు మీద చెయ్యి పెట్టి ముందుకు నెట్టబోతే నేనే వద్దన్నాను. కూర్చోనివ్వండమ్మా, చూడటం కూడా నేర్చుకోవడమే అన్నాను. ఆవిడకి నమ్మకం కలిగినట్టు లేదు. రెండో వారం చివర్లో అనుకుంటా, పిల్లలంతా "ఇచి, ని, సాన్, షి" అని లెక్కపెడుతుంటే వాడి పెదాలు కూడా కదలడం చూశాను. చూసినట్టు వాడికి తెలియనివ్వలేదు.

ఈ విషయంలో నాకింత ఓపిక ఎందుకంటే నేనూ గోడ పక్కనుంచి వచ్చినదాన్నే.

నాకు 12 ఏళ్లప్పుడు మా తమ్ముణ్ని కరాటేలో చేర్చారు. వాడికి 8. వాణ్ని తీసుకెళ్లడం, అయిపోయేదాకా కూర్చుని మళ్లీ ఇంటికి తీసుకురావడం నా పని. ఒళ్లో హోంవర్క్ పుస్తకం పెట్టుకునేదాన్ని కానీ పేజీ తిరిగేది కాదు. అలా నాలుగు నెలలు గడిచాయి. తమ్ముడికి విసుగొచ్చి ఇక వెళ్లనన్నాడు, ఇంట్లో సరేలే అన్నారు, ఏడుపొచ్చింది మాత్రం నాకు. మర్నాడు ఒక్కదాన్నే వెళ్లి మాస్టారి ముందు నిలబడి నేను చేరతానండీ అన్నాను. ఏమొచ్చు నీకు అని అడిగారు. మొదటి కతా మొత్తం చేసి చూపించాను. (తెలియనివాళ్ల కోసం: కతా అంటే ఎదుట ఎవరూ లేకుండా, ఒక వరుసలో కట్టిన కదలికలు ఒంటరిగా చేయడం.) ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంతా సరిగ్గానే ఉందమ్మా, కానీ మొత్తం తిరగేసి ఉంది" అన్నారు. నేను కూర్చునే గోడ వాళ్లకి సరిగ్గా ఎదురుగా ఉండేది. వాళ్ల ఎడమ నాకు కుడి అయిపోయింది. 21 కదలికలూ అద్దంలో బొమ్మలాగా నేర్చుకున్నాను. కొత్తగా చేరినవాళ్లకి అది నేర్చుకోవడానికి ఎంత కాలం పట్టిందో, నాకు సరిచేసుకోవడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

ఆ పొరపాటు నాకు ఇప్పటికీ రోజూ పనికొస్తుంది. 6, 7 ఏళ్ల పిల్లలకి తమ ఎడమ చెయ్యి ఏదో తెలిసినా, ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ ఏదో వెంటనే తట్టదు. మనం ఎదురుగా నిలబడి మన ఎడమ చెయ్యి ఎత్తి "ఎడమ" అంటే వాళ్ల కళ్లు ఒకటి చెప్తాయి, చెవులు ఒకటి చెప్తాయి. అందుకని చిన్నపిల్లలకి ఎదురుగా నిలబడి చూపించినప్పుడు నేను కావాలని తిరగేసి చేస్తాను, నా కుడి చెయ్యి ఎత్తి "ఎడమ" అంటాను. కాళ్ల కదలికలు చూపించాలంటే వాళ్లకి వీపు పెట్టి నిలబడతాను. చాలామంది టీచర్లు ఇది గమనించకుండా "ఎడమంటే తెలీదా" అని పిల్లల మీద అరుస్తుంటారు, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

మా మాస్టారి దగ్గర ఒక సన్నటి కర్ర ఉండేది. ముందుకాలు వంచి వెనక్కాలు చాచి నిలబడే జెంకుత్సు దాచిలో మోకాలు సరిపడా వంగకపోతే తొడ మీద పడేది. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకి నేర్పినవాళ్లు అలాగే నేర్పారు, శ్రద్ధ అంటే ఆయనకి తెలిసిన రూపం అదే. నా చేత ఎన్ని వేల పంచ్‌లు వేయించారో, నా కోసం ఎన్ని సాయంత్రాలు ఎక్కువసేపు ఉన్నారో నాకు తెలుసు, ఆ రుణం తీరేది కాదు. కానీ ఆ కర్ర మాకు ఏం నేర్పిందో కూడా చెప్పాలి. ఆయన మా వైపు వస్తున్నంతసేపూ మోకాళ్లు బాగా వంగేవి. ఆయన అటు తిరగ్గానే లైను మొత్తం రెండంగుళాలు పైకి లేచేది.

19 ఏళ్లకి ఆయన క్లాసులోనే చిన్నపిల్లల బ్యాచ్ నాకు అప్పగించారు. నేను కర్ర పట్టుకోలేదు, అది చాలు అనుకున్నాను. నా గొంతే కర్ర అయిందని నాకు తెలియలేదు. ఒకరోజు 7 ఏళ్ల పాప ఒకతె క్లాసు మొదలయ్యాక కూడా బాత్రూమ్ నుంచి రావట్లేదని వెళ్లి చూస్తే తలుపు సందులోంచి తొంగిచూస్తూ నిలబడి ఉంది. ఏమైందమ్మా, ఒంట్లో బాలేదా అన్నాను. "లేదు మేడం, మీకు ఇవాళ కోపం ఉందో లేదో చూసి వద్దామని" అంది. ఎంత మామూలుగా చెప్పిందంటే, వాన పడుతోందో లేదో చూసి బయటికొద్దామన్నట్టు చెప్పింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ తర్వాత వెంటనే మారిపోయానని చెప్తే అబద్ధం అవుతుంది, అలవాటు ఒక్క రాత్రిలో పోదు, కానీ ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు.

నిజంగా మార్చింది నా మోకాలు. 23 ఏళ్లప్పుడు ఒక టోర్నమెంట్‌లో వెనక్కి తిరిగి తన్నబోతుంటే నేల మీదున్న పాదం అక్కడే అతుక్కుపోయింది, ఒళ్లు మాత్రం తిరిగింది. లోపల తాడు తెగినట్టు చప్పుడు నాకే వినపడింది. లిగమెంట్ తెగింది, ఆపరేషన్ అయింది, దాదాపు ఏడాది దాకా సరిగ్గా నిలబడి చేసింది లేదు, పోటీలకి మళ్లీ వెళ్లనే లేదు. కొన్నాళ్లు నన్ను నేను తిట్టుకుంటూ ఇంట్లో కూర్చున్నాక మాస్టారే కబురు చేశారు, "కుర్చీ వేయిస్తాను, వచ్చి కూర్చుని నేర్పు" అని.

అలా మళ్లీ గోడ పక్కకే వచ్చాను, ఈసారి కుర్చీలో.

చేసి చూపించలేని టీచర్‌కి మాట తప్ప ఇంకేం ఉంటుంది? అప్పటిదాకా నేను "మోచెయ్యి లోపలికి, భుజం దించు, నడుము తిప్పు, గడ్డం ఎత్తకు" అని ఒక్క గుక్కలో నాలుగు చెప్పేసేదాన్ని. కుర్చీలోంచి చూస్తే ఏం జరుగుతోందో కనపడింది. నాలుగు చెప్తే పిల్లలు నాలుగూ వదిలేసి నా మొహం వైపు చూస్తారు. ఒకటి చెప్తే ఒకటి చేస్తారు. అందుకని ఒకసారికి ఒక్క మాటే అని పెట్టుకున్నాను. పంచ్ వేసేటప్పుడు మోచెయ్యి బయటికి పోవడం పిల్లలందరికీ ఉండే తప్పు. "మోచెయ్యి లోపలికి" అని వెయ్యిసార్లు చెప్పినా కుదరనిది, "చొక్కా చప్పుడు వినపడాలి" అంటే కుదిరింది. మోచెయ్యి పక్కటెముకలని రాసుకుంటూ వెళ్తే గట్టి నూలు చొక్కా చేతులు సర్‌మని మోగుతాయి. బయటికి పోతే మోగవు. ఇక నేను సరిచేయక్కర్లేదు, వాళ్ల చెవే వాళ్లకి చెప్తుంది. ఇరవైమంది పిల్లలు మాట్లాడకుండా తమ చొక్కా చప్పుడు వింటూ పంచ్‌లు వేస్తుంటే ఆ గది ఎంత బావుంటుందో చెప్పలేను.

తర్వాత కరాటే చరిత్ర చదవడం మొదలుపెట్టాను, ఎక్కువగా ఆ కుర్చీ రోజుల్లోనే. నాకు చాలా ధైర్యం ఇచ్చిన విషయం ఒకటుంది. మనం ఇవాళ పిల్లలకి నేర్పే కరాటే పెద్దల యుద్ధవిద్యగానే ఉండిపోలేదు, బడి కోసం మళ్లీ మలిచారు. ఒకినావా అనే జపాన్ దీవిలో ఇతోసు అంకో అనే పెద్దాయన 1901 ప్రాంతంలో షురిలోని ప్రాథమిక పాఠశాలలో కరాటే నేర్పించడం మొదలుపెట్టారు. అంతకుముందు చాటుమాటుగా, కొద్దిమంది శిష్యులకే నేర్పే విద్య అది. పెద్దవాళ్ల కతాలు పిల్లలకి బరువని ఆయన పినాన్ అనే ఐదు చిన్న కతాలు కూర్చారు. 1908లో విద్యాశాఖకి పది అంశాలతో ఒక ఉత్తరం కూడా రాశారు, కరాటేని బడుల్లో ఎందుకు నేర్పాలో వివరిస్తూ. ఆయన శిష్యుడు ఫునాకోషి గిచిన్ అసలు వృత్తి బడిపంతులే. 1922లో టోక్యో వచ్చి కరాటేని జపాన్ అంతటా పరిచయం చేశారు. ఆయన ఈ ఐదు కతాలకి హెయాన్ అని పేరు మార్చారు, అంతేకాదు మొదటి రెండింటినీ తారుమారు చేశారు. గురువుగారు ఒకటోదిగా పెట్టినది కొత్తవాళ్లకి కష్టంగా ఉంటుందని, సులువైన రెండోదాన్ని ముందుకి తెచ్చారు.

ఇది చదివిన రోజు నాకు ఒక బరువు దిగినట్టయింది. గురువు నేర్పినది నేర్పినట్టే దించాలి, ఒక్క అక్షరం మారిస్తే అపచారం అని పెరిగినదాన్ని నేను. ఆ గురుపరంపరలో అంత పెద్దాయనే, పిల్లలకి ఏది ముందు అందుతుందో చూసి గురువు వరుస మార్చారు. నేను మా మాస్టారి కర్రని వదిలేస్తే ఆయన్ని అవమానించినట్టు కాదు కదా అనిపించింది. ఆయనతో ఈ మాట చెప్పాను కూడా. ఆయన నవ్వి, "నా పద్ధతి నాతో పోనీలేమ్మా" అన్నారు.

బెల్టుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు పిల్లల క్లాసుల్లో సగం టెన్షన్ అదే. కరాటే పుట్టిన ఒకినావాలో మొదట్లో అసలు బెల్టు రంగుల పద్ధతే ఉండేది కాదు. 1882లో కోదోకాన్ అనే జూడో పాఠశాల మొదలుపెట్టిన కానో జిగోరో దాన్ అనే మెట్లు పెట్టారు, నల్ల బెల్టు అక్కణ్నుంచి వచ్చింది. ఫునాకోషి 1924లో తన శిష్యులకి మొదటిసారి నల్ల బెల్టులు ఇచ్చారు. పసుపు, నారింజ, ఆకుపచ్చ ఇవన్నీ జపాన్ బయట, యూరప్‌లో జూడో నేర్పినవాళ్ల దగ్గర బాగా వ్యాపించాయి, 1930ల్లో పారిస్‌లో నేర్పిన కవాయిషి మికినోసుకే వాళ్లలో ముఖ్యుడు. కొత్తవాళ్లకి దూరంగా ఉన్న నల్ల బెల్టు ఒక్కటే చూపిస్తే నిరాశ పడతారని మధ్యలో రంగులు వచ్చాయి. మంచి ఆలోచనే. పిల్లలకి చిన్న చిన్న మెట్లు కావాలి. కాకపోతే మెట్టు ఎక్కామన్న సంతోషం ఎక్కినవాళ్లకే రావాలి.

ఈ విషయం నాకు నేర్పింది 10 ఏళ్ల అబ్బాయి. పరీక్షకి వాడు సిద్ధంగా లేడని నాకు తెలుసు, మూడో కతా సగంలో మర్చిపోతున్నాడు. వాడితోపాటు చేరినవాళ్లంతా పై బెల్టుకి వెళ్తున్నారు, వాళ్ల నాన్న రెండుసార్లు వచ్చి అడిగారు, నేను కూడా పిల్లవాడు బాధపడతాడేమో అనుకుని పాస్ చేసేశాను. బెల్టు కట్టాం, ఫోటో తీశాం, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాతి క్లాసుకి వాడు పాత బెల్టు కట్టుకుని వచ్చాడు. కొత్తది ఏదిరా అంటే బ్యాగులో ఉందన్నాడు. ఎందుకు కట్టుకోలేదు అంటే నేల చూస్తూ, "నాకు మూడో కతా రాదు కదా మేడం" అన్నాడు. వాడి ముందు నేను ఏం చెప్పగలను? తప్పు నాది, నువ్వు సిద్ధంగా లేవని నాకు తెలిసి కూడా ఇచ్చాను, క్షమించు అన్నాను. రెండు నెలలు ఇద్దరం కూర్చుని ఆ కతా చేశాం. మళ్లీ పరీక్ష పెట్టమని వాడే అడిగాడు. ఆరోజు బ్యాగులోంచి ఆ బెల్టు తీసి వాడే కట్టుకున్నాడు, ఫోటో ఏమీ లేదు. అప్పట్నుంచి అందరికీ ఒకే తేదీన పరీక్ష పెట్టడం మానేశాను. ఎవరికి ఎప్పుడు వస్తే అప్పుడే. కొంతమంది తల్లిదండ్రులకి ఇది నచ్చదు, పిల్లల్ని వేరే చోట చేర్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లని తప్పుపట్టను కానీ నా పద్ధతి మార్చను.

నన్ను ఎవరైనా పిల్లలకి అసలు ఏం నేర్పుతావు అంటే నా జవాబు ఒకటే. ఆపడం నేర్పుతాను.

కరాటేలో సున్‌దోమె అని ఒక మాట ఉంది. పూర్తి వేగంతో వేసిన దెబ్బని ఎదుటి మనిషికి తగలకముందే, ఒక అంగుళం ఇవతల ఆపేయడం. చాలామంది అది నెమ్మదిగా కొట్టడం అనుకుంటారు. కానే కాదు. నెమ్మదిగా వేసిన చెయ్యిని ఎవరైనా ఆపుతారు. వేగంగా వెళ్తున్న చెయ్యి ఆగాలంటే ఎదుటివాళ్లు ఎంత దూరంలో ఉన్నారో, నా చెయ్యి ఎంత పొడుగో, నా బలం ఎంతో, ఎప్పుడు బిగించాలో అన్నీ తెలియాలి, చూపు ఒక్క క్షణం కూడా ఎదుటివాళ్ల మీంచి పోకూడదు. చిన్నపిల్లలకి ఇది ఆటతో మొదలుపెడతాను. పరిగెత్తండి అంటాను, చప్పట్లు కొట్టగానే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి, ఒంటికాలి మీద ఉంటే ఒంటికాలి మీదే. తర్వాత ఇద్దరిద్దరిని నిలబెట్టి ఒకరు అరచెయ్యి చాపితే ఇంకొకరు దానికి తగలకుండా పంచ్ ఆపాలి. తగిలితే తగిలించినవాళ్లు వెంటనే ఆగి "నొప్పిగా ఉందా" అని అడగాలి, జవాబు వచ్చేదాకా మళ్లీ మొదలుపెట్టకూడదు. మొదట్లో మొక్కుబడిగా అడుగుతారు, అడుగుతూనే ఇంకోవైపు చూస్తుంటారు. నేను పట్టుబడతాను, మొహం చూసి అడుగు అంటాను. కొన్ని నెలలకి చెప్పక్కర్లేకుండానే మొహం చూస్తారు. హెయాన్ కతాలు ఐదూ అడ్డుకోవడంతోనే మొదలవుతాయి, ఒక్కటి కూడా దెబ్బతో మొదలవదు. అది పిల్లలు వాళ్లంతట వాళ్లే కనిపెట్టేదాకా నేను చెప్పను. ఎవరో ఒకరు ఎప్పుడో వచ్చి "మేడం, అన్నిటికీ ముందు బ్లాకే ఉంది!" అంటారు, ఏదో నిధి దొరికినట్టు.

"వీణ్ని ఎవరైనా కొడితే తిరిగి కొట్టడం నేర్పండి చాలు" అని అడిగే నాన్నలు చాలామంది వస్తారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, పిల్లాడు ఏడుస్తూ ఇంటికొస్తే ఏ తండ్రి ఊరుకుంటాడు? నేను ఉన్నదున్నట్టు చెప్తాను. వారానికి రెండు గంటల క్లాసు మీ పిల్లాణ్ని ఎవరూ ముట్టుకోలేనంత వీరుణ్ని చేయదు. ముందు గట్టిగా "ఆగు" అని అరవడం నేర్పుతాను, చాలామంది పిల్లలకి అరవడానికే నోరు రాదు, దానికే నెలలు పడుతుంది. తర్వాత చెయ్యి అందనంత దూరం జరగడం. పట్టుకుంటే విడిపించుకోవడం. పరిగెత్తడం. ఇంటికొచ్చి దాచకుండా చెప్పడం. ఆఖరిది మీ వల్ల అవ్వాలండీ, మీరు తిట్టరని వాడికి నమ్మకం ఉంటేనే చెప్తాడు అంటాను.

చేయనివి కూడా ముందే చెప్పేస్తాను. పిల్లలతో పిడికిలి కణుపుల మీద పుష్‌అప్‌లు తీయించను, గట్టి చెక్క మీద గుద్దించను, పలకలు పగలగొట్టించను. ఎదిగే వయసులో ఎముకల చివర్ల దగ్గర ఇంకా మెత్తటి మృదులాస్థి పొర ఉంటుంది, ఎముక పెరిగేది అక్కడే, అక్కడ దెబ్బ తగిలితే ఆ పెరుగుదలే దెబ్బతినొచ్చు. తలకి తగిలే ఆటలు ఆడించను. పోటీలో తక్కువ బరువు గ్రూపులో ఆడాలని ఏ పిల్లనీ తిండి మాన్పించను. ఆరోజుల్లో మేం చేశాం కదా, ఏమైంది అంటారు కొందరు. ఏమైందో మా వేళ్ల కణుపులు చూస్తే తెలుస్తుంది.

క్లాసు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చోవచ్చు. ఏ పిల్లా పిల్లాడూ ఒక్కరే నా దగ్గర గానీ ఇంకో పెద్దమనిషి దగ్గర గానీ ఉండిపోరు. భుజమో మోచెయ్యో సరిచేయాలంటే ముందు "ముట్టుకోవచ్చా" అని అడుగుతాను. ఇది కొత్తలో మా సీనియర్లకి వింతగా అనిపించింది, టీచర్ అనుమతి అడగడమేంటి అన్నారు. ఒకపక్క ఎవరు ముట్టుకోబోయినా వద్దను అని పిల్లలకి నేర్పుతూ, నేను మాత్రం అడక్కుండా చెయ్యి వేస్తే వాళ్లు దేన్ని నమ్మాలి? వద్దు అనడం కూడా ప్రాక్టీస్ చేస్తేనే వస్తుంది, అది నా మీద ప్రాక్టీస్ చేసుకోనీ అనుకుంటాను.

మొన్న మంగళవారం 9 ఏళ్ల పాప పంచ్ వేస్తుంటే మోచెయ్యి బాగా బయటికి పోతోంది. దగ్గరికి వెళ్లి ముట్టుకోవచ్చా అని అడిగాను. "వద్దు మేడం" అంది, మామూలుగా, కళ్లలోకి చూసి. సరే అని రెండడుగులు వెనక్కి వేసి పక్కన నిలబడి నా మోచెయ్యి చూపించాను. తను అద్దంలోకి చూసుకుంది, మోచెయ్యి కొంచెం లోపలికి తెచ్చుకుంది, మళ్లీ చూసుకుంది, వేసింది. సర్‌మని చప్పుడొచ్చింది. గోడ పక్కనున్న బాబు తలెత్తి అటు చూశాడు.